ఇల్లాలి పదవీ విరమణము



గత మాసమున మే మొక పదవీ విరమణ సభకు పోయియుంటిమి. మా పొరుగింటి గృహస్థు ముప్పదియైదేండ్లు సర్కారు కొలువు చేసి యా దినమున విరమించెను. వేదికపై నాయనకు పూలమాల వైచిరి, శాలువ కప్పిరి, చేతి కొక గోడ గడియారము నిచ్చిరి. ఆయన ప్రక్కనే భార్యను గూడ కూర్చుండబెట్టి యామె కొక పట్టుచీర నిచ్చిరి. వక్త లొకరి తరువాత నొకరు లేచి, వీ రిక హాయిగా విశ్రమింతురు గాక యని పలికిరి. సభ ముగిసి ఫలహారములు పంచునపు డా యిల్లాలు మా ప్రక్కకు వచ్చి, "రేపటి నుంచి పదకొండింటి కో కాఫీ, నాలుగింటి కో కాఫీ, పగటిపూట మళ్లీ వేడివంట. విశ్రాంతి ఆయనది, చాకిరి నాదీ వదినగారూ" అని మెల్లగా చెప్పినది.

ఆ మాటకు మేమును నవ్వితిమి. కాని యింటికి వచ్చి దీపము పెట్టిన తరువాత నా మాటయే మనస్సున మెదలుచుండెను. కొలువు చేయువారికి విరమణ దినము ముందే తెలియును. ప్రభుత్వము వా రుత్తర్వు వ్రాసి దానిని నిర్ణయింతురు, వలసినపుడు మార్తురు. మన రాష్ట్రమున 1983లో విరమణ వయస్సును 58 ఏండ్ల నుండి 55కు తగ్గించినపు డెన్ని యిండ్లలో నెంత కలవరము పుట్టినదో పెద్దవారికి జ్ఞాపక ముండును. కొంతకాలమునకు మరల 58 చేసిరి. రాష్ట్రము రెండైన పిమ్మట ఆంధ్రప్రదేశమున 2014లో 60, 2022లో 62 చేసిరి. తెలంగాణమున 2021లో 61 చేసిరి. ఇన్ని యుత్తర్వులలో నిల్లాలి ప్రసక్తి యొక్కదానియందును లేదు. ఆమెను నియమించిన ప్రభుత్వము లేదు, విరమింపజేయు ప్రభుత్వమును లేదు. కావున నామె యుత్తర్వు నామెయే వ్రాసికొనవలయును. వయస్సు మీరిన యిల్లాలు దేనిని వదలవలయును, దేనిని వదలరాదు అను సంగతిని ఈ మాసమున మన మాలోచింతము.

షష్టిపూర్తితో జీవితము తీరిన దనుకొను రోజులు పోయినవి. వెయ్యి పున్నములు చూచినవారికి సహస్ర చంద్రదర్శనోత్సవము చేయు నాచారము మనలో గలదు. లెక్క వేసి చూడుడు. వెయ్యి పున్నములు నిండుటకు 80 ఏండ్ల 10 నెలలు పట్టును. 60 ఏండ్లు నిండిన స్త్రీ చూచిన పున్నములు 742. ఇంకను 258 మిగిలియున్నవి. మన దేశమున 60 ఏండ్లు దాటినవారు సగటున మరి 18 ఏండ్లు బ్రతుకుచున్నారు. స్త్రీలు పురుషుల కంటె నొకింత యెక్కువగనే. 2011 జనాభా లెక్కలలో 60 దాటిన పురుషులు సుమారు 5 కోట్ల 10 లక్షలు కాగా స్త్రీలు 5 కోట్ల 30 లక్షలు. పెండ్లినాటికి భర్త పెద్దవాడై యుండుట మన యాచారము గదా. అందుచే మనలో బెక్కుమంది యీ మిగిలిన కాలములో కొంత భాగము నొంటరిగా గడపవలసి వచ్చును. పదునెనిమి దేండ్లనగా పుట్టిన ఆడుబిడ్డ పెండ్లియీడునకు వచ్చునంత కాలము. ఇంత కాలమును కృష్ణా రామా యని గడిపిన చాలునని త్రోసివేయుట తగునా?

మొదట వదలవలసిన దానిని గూర్చి చెప్పెదము. కాశికి పోయినవారు గంగలో మునిగి తమకు ప్రియమైన యొక కాయను, ఒక పండును వదలి వత్తురు. ప్రీతిని తగ్గించుకొనుటకు పెద్దలు పెట్టిన మంచి నియమ మది. కాని కాకరకాయ గిట్టనివారు కాకరకాయనే వదలి వచ్చుట మన మెరుగనిది కాదు. ఇల్లాలికి నిజముగా ప్రియమైనది కాయయు గాదు, పండును గాదు, ఇంటిపై పెత్తనము. నలుబదేండ్లు తన చేతి మీదుగా నడచిన యిల్లు మరియొక చేతి మీదుగా నడచుట కంటి యెదుట చూచుచు నూరకుండుటకు మించిన తపస్సు లేదు.

భారతములో కుంతీదేవి యీ పని చేసినది. యుద్ధము జరిగిన 15 ఏండ్లకు ధృతరాష్ట్రుడును గాంధారియు వనమునకు బయలుదేరిరి. కుంతియు వారి వెంట నడచెను. కొడుకులు రాజ్య మేలుచున్న కాలమది. పడరాని పాట్లు పడిన తల్లి సుఖపడవలసిన వేళ యది. కొడుకు లెంత వేడుకొనినను ఆమె మరలలేదు. కన్నులు లేని బావగారికిని, కన్నులకు గంత కట్టుకొన్న తోడికోడలికిని సేవ చేయుటయే తన పని యని నిశ్చయించుకొన్నది. మన మిప్పు డడవికి పోలేము, పోనక్కరయు లేదు. కాని యడవిలో నొక సౌకర్య మున్నది. అచట కోడలు పెట్టిన యావకాయ మన కంటబడదు.

ఆవకాయ మాట యేల వచ్చిన దందురేమో. మా యింటి తప్పునే చెప్పెదము. అరువది దాటిన తరువాత మేము తాళపుచెవుల గుత్తిని కోడలి చేతి కిచ్చితిమి. బంధువుల యెదుట నిచ్చితిమి. ఇక నీ యిల్లు నీ దంటిమి. చూచినవారు మెచ్చుకొనిరి; మేమును మమ్ము మెచ్చుకొంటిమి. ఆ వేసవిలో కోడలు ఆవకాయ పెట్టినది. ఆమె యుద్యోగము చేయునది. ఆదివార మొక్కటియే తీరిక. ముక్కలు, ఆవపిండి, కారము, నూనె మా కొలతలోనే వేసినది గాని యుప్పు మాత్రము బాగుగ తగ్గించినది. మా కుమారునకు రక్తపు పోటు కలదు. వైద్యు డుప్పు తగ్గింపు మని చెప్పిన సంగతి మాకును తెలియును. ఐనను ఉప్పు చాలని యూరగాయ బూజు పట్టునని మనస్సు నిలువలేదు. నిజము చెప్పవలసిన యెడల మా భయము బూజును గూర్చి కాదు; మా కొలత తప్పినందుకు. ఆ రాత్రి యందరు నిద్రించిన పిమ్మట జాడీ వాసెన విప్పి రెండు గుప్పెళ్ల యుప్పు కలిపితిమి.

మూడవనాడు తిరుగగలిపి రుచి చూచునపుడు కోడలికి తెలిసిపోయినది. ఆమె యొక్క మాట యనలేదు. మరుసటి వేసవిలో మామిడికాయలు వచ్చు వేళకు గుత్తిని తెచ్చి మా మంచముపై నుంచి, "అత్తయ్యా, ఈసారి మీరే పెట్టండి. కొలతలు మీకే తెలుసు" అన్నది. ఆ గొంతులో కోపము లేదు. అందుచేతనే మా కా రాత్రి నిద్ర పట్టలేదు. ఆ యేడు మా యింట నావకాయ పెట్టలేదు. అంగడి నుండి సీసా తెచ్చిరి. భోజనముల వేళ నా సీసాను చూచినపు డెల్ల మేము ముద్ద మ్రింగలేకపోయితిమి. మేము వదలినవి తాళపుచెవులు మాత్రమే గాని పెత్తనము కాదని యప్పటికి తెలిసినది.

కొన్ని వారములు గడచిన తరువాత మేమే యామె గదికి పోయి, ఉప్పు కలిపినది మేమే యని చెప్పితిమి. ఆమెకు తెలియునని తెలిసియు చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప, "తక్కువ ఉప్పుతో రెండు చిన్న సీసాలే పెట్టి ఫ్రిజ్జులో ఉంచుదామనుకున్నాను అత్తయ్యా. అడిగితే చెప్పేదాన్ని" అన్నది. అడుగుట యను చిన్నపని మాకు తోచనే లేదు. నలుబదేండ్లు చెప్పుటకే యలవాటుపడిన నోరది. ఆ దినము మొదలు మే మొక నియమము పెట్టుకొంటిమి. అడిగిన చెప్పుదుము; అడుగకున్న నుప్పురాయి యంత సలహా యైన నీయము. మొదటి యారు మాసములు నాలుక దురద పెట్టిన మాట వాస్తవము. కాని చిత్ర మేమనగా, మేము చెప్పుట మానిన తరువాత మమ్మడుగుట హెచ్చినది.

కోడండ్రైన మా చెల్లెండ్రకు నిచట నొక్క మాట. పెద్దావిడను సుఖపెట్టవలె నను తలంపుతో నామె చేతి నుండి పనులన్నియు లాగివేయకుడు. మీరు కూర్చోండి, మేము చేసుకుంటాము అను మాట దయతో ననినను, దినమునకు పదిసార్లు వినువారి కది వేఱొక రీతిగ వినబడును. నీ యక్కర తీరినది యని వినబడును. రోజున కొక్క పని యైన నామెకే విడిచిపెట్టుడు. అందు మీరు వేలు పెట్టకుడు.

ఇక వదలరానివి మూడు. తన వేళ, తన పేరు, తన పని.

తన వేళ సంగతికి మరల మా పొరుగింటికే పోవుదము. ఆయన మొదటి వారము నిద్రపోయెను. రెండవ వారము వంటింటిలోనికి వచ్చెను. పప్పు డబ్బాల మీద చీటీ లంటించెను. పాలవాని లెక్క తీసి, నెలకు రెండు లీటర్లు తేడా వచ్చుచున్న దని కనిపెట్టెను. కుక్కరు నాలుగు కూతలు కూయుటకు బదులు మూడు చాలునేమో యని విచారించెను. ఇవియైన నామె సహించినది. కాని మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు వరకు నా వీథిలోని నలుగు రైదుగురు స్త్రీ లామె యింట చేరి విష్ణుసహస్రనామము చదువుకొని, కాసేపు కష్టసుఖములు చెప్పుకొనెడివారు. ఇప్పు డాయన ముందుగదిలో పేపరు పట్టుకొని కూర్చుండుటచే వారు రాక మానిరి. ఆమె మా యింటికి వచ్చి కంట నీరు పెట్టుకొన్నది.

మే మామెతో నిట్లంటిమి: ఆయన పెత్తనము చేయుటకు వంటింటిలోనికి వచ్చుట లేదమ్మా, కూర్చుండుటకు కుర్చీ వెదకుకొనుచు వచ్చుచున్నాడు. నిన్నటి వరకు తలుపు మీద నాయన పేరు గల పలక యుండెను. గంట కొట్టిన మనిషి వచ్చెడివాడు. దినమునకు నలుబదిసార్లు మ్రోగు ఫోను ఇపుడు బ్యాంకువారి ప్రకటనలకు తప్ప మ్రోగదు. తెల్లవారి లేచి గడ్డము గీసికొని, ఇస్త్రీ చొక్కా తొడుగుకొని, యెచటికి పోవలయునో తెలియక కూర్చుండువాని దుఃఖము చిన్నది గాదు. పురుషు డది నోట చెప్పలేడు, చీటీ లంటించును. ఆయనకు సాయము గాక సొంత మనదగిన పని యిమ్ము. నీవు దానిలో తప్పు లెన్నకుము.

ఇద్దరును కూర్చుండి మాటాడుకొనిరి. కూరగాయలు తెచ్చుట, కరెంటు బిల్లు మొదలైన చెల్లింపులు, నాలుగు గంటల కాఫీ పూర్తిగ నాయనవి. రెండు మొదలు నాలుగు వరకు ముందుగది యామెది. ఆ వేళ నాయన గ్రంథాలయమునకు పోవును. మొదట రెండు దినములు పాలు పొంగించి పొయ్యి యార్పుకొనెను. ముదురు బెండకాయలు తెచ్చెను. ఆమె పెదవి కొఱుకుకొని యూరకున్నది. ఇప్పుడు నాలుగు గంటలకు పారాయణమువా రందరికిని ఆయనయే కాఫీ కలుపుచున్నాడు. డికాక్షను చిక్కగ నున్న దని స్త్రీలు మెచ్చుకొనినపుడు, విరమణ సభలో గూడ నాయన ముఖ మంత వెలుగలేదని యామె చెప్పినది.

అన్నము వండుట, చారు కాచుట ప్రతి పురుషుడును నేర్చికొనవలయును. ఇద్దరిలో నెవరు ముందు పోవుదురో యెవరి కెరుక? భార్య పోయిన తరువాత గ్లాసెడు కాఫీకై కోడలి ముఖము చూడవలసి వచ్చిన పెద్దమనుషులను మనము చూచుట లేదా? అట్లే భర్త చూచుకొనుచున్న బ్యాంకు పనిని ప్రతి స్త్రీయు నేర్చికొనవలయును. ఆయన కామె వంట నేర్పుట, ఆమె కాయన లెక్కలు నేర్పుట, ఇంతకంటె మంచి కాలక్షేపము విరమించిన దంపతులకు లేదు.

రెండవది తన పేరు. మే మెఱిగిన యొక వృద్ధురాలి భర్త ప్రభుత్వ కొలువు చేసి, పింఛను పుచ్చుకొనుచు, నొకనాడు హఠాత్తుగ పోయెను. కాగితము లన్నియు నాయన పెట్టెలో నున్నవి. ఆమె పేరు పింఛను పత్రములో నొక తీరుగను, ఆధారు కార్డులో మరియొక తీరుగను ఉన్నది. ఒక దానిలో పేరు చివర అమ్మ, రెండవదానిలో దేవి. పుట్టిన తేదీ యొక దానిలో లేనే లేదు. ఇద్దరు నొక్కరే యని ఋజువు చేయుట కామె యెనిమిది నెలలు కార్యాలయముల చుట్టు తిరిగినది. ఆ యెనిమిది నెలలు రూపాయి చేతికి రాలేదు. కొడుకులు మంచివారే, పంపుచుండిరి. కాని, "ఇన్నేళ్లు ఆయన సంపాదన నాదనుకున్నాను, కాగితం మీద నేనెవరినో నాకే తెలియదు" అని యామె యన్న మాట మేము మరువలేము.

పింఛను దయాభిక్ష కాదు. చేసిన కొలువునకు దక్కవలసిన హక్కని సుప్రీంకోర్టువారు నకారా యను నాయన వ్యాజ్యములో 1982 డిసెంబరు 17వ తేదీన తీర్పు చెప్పిరి. ఆ దినమునే పింఛనుదారుల దినముగ నేటికిని జరుపుకొనుచున్నారు. భర్త పోయిన తరువాత భార్యకు వచ్చు కుటుంబ పింఛనును అట్టి హక్కే. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులలో నది చివరి మూలవేతనమున నూటికి 30 వంతులు. విరమించిన తరువాత భర్త పోయిన యెడల మొదటి 7 ఏండ్లు గాని, ఆయన బ్రతికియున్న 67వ యేడు నిండువరకు గాని, ఏది ముందైన నంతవరకు హెచ్చురేటున నిత్తురు. ఆమెకు 80 ఏండ్లు నిండిన పిదప నూటికి 20 వంతులు, 85కు 30, 90కి 40, 95కు 50 వంతులు అదనముగ వచ్చును. నూరేండ్లు నిండిన రెట్టింపగును. పుట్టిన తేదీ కాగితముపై లేని యిల్లాలికి ఈ యదనము రాబట్టుకొనుట యెంత కష్టమో యోచింపుడు. రాష్ట్ర ప్రభుత్వముల నియమములు వేఱుగ నుండవచ్చును గాన మీ భర్తగారి పత్రము ననుసరించి విచారించుకొనుడు.

కావున నీ మాసముననే యొక సాయంకాలము దంపతు లిద్దరును పెట్టె తెరచి కూర్చుండుడు. పింఛను పత్రము, ఆధారు, బ్యాంకు పుస్తకము ఈ మూడింటను మీ పేరును, పుట్టిన తేదీయు నొక్కటిగ నున్నవో లేదో చూడుడు. లేకున్న భర్త యుండగనే సరిచేయించుడు. ఖాతా యిద్దరి పేర నున్నదా, డిపాజిట్లకు వారసుని పేరు వ్రాసియున్నదా చూడుడు. బ్రతికియున్నట్లు ధ్రువపత్రమును కేంద్ర పింఛనుదారులు ఏటేట నవంబరులో నీయవలయును. 80 నిండినవా రక్టోబరు నుండియే యీయవచ్చును. దీనిని సెల్ఫోను ద్వారా గూడ పంపు నేర్పా టున్నది. మనుమలచే నేర్పించుకొనుడు, నేర్పుటకు వారికి సరదా, నేర్చుటకు మనకు గౌరవము.

మరియొక సంగతి. ప్రేమ కొలది యున్న యిల్లు పిల్లల పేర దానపత్రము వ్రాసి, తరువాత నా యింటిలోనే పరాయివారైన తల్లులు లేకపోలేదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము వీరి రక్షణకే యేర్పడినది. పోషింపవలె నను షరతుతో నిచ్చిన యాస్తిని పుచ్చుకొని పోషింపనిచో, ఆ దానమును రద్దు చేయు నధికారము ఆ చట్టము క్రింది న్యాయాధికరణమునకు గలదు. కాని షరతు పత్రములో స్పష్టముగ వ్రాయించుట మేలు; అంతకంటె మేలు, బ్రతికియున్నంత వరకు దానపత్రము మాని వీలునామా వ్రాయుట. వీలునామాను మార్చుకొనవచ్చును. పెద్దల కేదైన కష్టము వచ్చిన 14567 అను సంఖ్యకు ఫోను చేసి సాయ మడుగవచ్చును. పిల్లలను నమ్మవద్దని మేము చెప్పుట లేదు. నమ్మకమునకు కాగితము తోడైన, నమ్మకము చెడు నవకాశము తగ్గును.

మూడవది తన పని. పెత్తనము వదలుట యనగా పని వదలుట గాదు. తెనాలి దాపున గుడివాడ యను గ్రామమున మస్తానమ్మ యను ముదుసలి యుండెడిది. చిన్నతనముననే భర్తను కోల్పోయి, కూలిపని చేసి బిడ్డలను పెంచిన మనిషి. నూరేండ్లు దాటిన దని యింటివారు చెప్పుకొన్న వయస్సున, 2016లో నామె వంటను పిల్లలు యూట్యూబులో చూపిరి. పొలము గట్టున మూడు రాళ్ల పొయ్యి, మట్టి కుండ, పోపు వాసన, ఇంతే. 2018 డిసెంబరులో నామె కన్నుమూయునాటికి పదిలక్షలకు పైగ జనులు ఆ వంటకై యెదురుచూచువారైరి. ఆమె క్రొత్త విద్య యేమియు నేర్వలేదు. చేతిలో నున్న విద్యనే మరియొకరి యెదుట పెట్టినది.

చదువుకొన్నవారిలో విశాఖపట్టణపు ఆచార్య చిలుకూరి శాంతమ్మగారిని చెప్పుకొనవలయును. 1929లో పుట్టిన యామె ఆంధ్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించి 1989లో పదవి విరమించిరి. విరమించి కూర్చుండలేదు. మోకాళ్లు సహకరింపక యూతకర్రలు పట్టుకొనియు, తొంబదేండ్లు దాటిన పిదప గూడ విశాఖ నుండి విజయనగరమునకు బండిలో పోయి, అచటి సెంచూరియన్ విశ్వవిద్యాలయమున పాఠములు చెప్పిరి.

వీరిని జూపి మనమందరము నంతవారము కావలె నని చెప్పుట మా యుద్దేశము గాదు. పత్రికల కెక్కని పను లెన్నియో యున్నవి. పనిమనిషి కూతు రెక్కాలు రాక బడి మానవలె ననుకొనునపుడు దినమున కరగంట కూర్చుండబెట్టుకొన్న యొక పెద్దమ్మను మే మెరుగుదుము. ఆ పిల్ల యిపుడు పదవ తరగతి చదువుచున్నది. కన్నులు కనబడని పొరుగింటి ముసలాయనకు వార్తాపత్రిక చదివి వినిపించు నామె యొకతె. అమ్మమ్మ నాటి మంగళహారతులను, నలుగుపాటలను నోటు పుస్తకములో వ్రాసి పెట్టుచున్న యామె యింకొకతె. ఈ మువ్వురి పనులలోను నొక పోలిక యున్నది. ఎవరో యొక రాగంట కెదురుచూచుచుందురు. మనకై యొక మనిషి కనిపెట్టుకొని యుండు గంట దినమున కొక్కటి యున్నచో ముసలితనము బరువుగ తోచదు.

పిల్లలు దూరదేశములలో నున్న తల్లులకు ఈ మాట మరింత యవసరము. పురుడు పోయుటకై యమెరికాకు పోయి ఆరు మాసములుండి వచ్చిన వా రెందరో మాతో చెప్పిరి: ఉన్నన్నాళ్లు పసిబిడ్డతో చేతినిండ పని, తిరిగివచ్చిన తరువాత యింటిలో గడియారపు చప్పుడు తప్ప వినబడదని. అచట తెల్లవారు వేళ కిచట సాయంకాలము. ఆ ఫోను పిలుపుకై దినమంతయు కాచుకొని కూర్చున్నచో, పిలుపు రానినాడు దినమే శూన్యమగును. వచ్చిననాడు చెప్పుటకు కీళ్లనొప్పులు తప్ప వేఱు సంగతి యుండదు. మన దినములో మన పని యున్న యెడల, ఈ రోజు ఏం చేశావమ్మా యని కొడుకడిగినపుడు చెప్పుట కొక కబు రుండును. వినుటకు వానికిని సంతోష ముండును.

ఇందు కన్నిటికిని దేహము నిలువవలయును గాన రెండు మాటలు. ముట్లుడిగిన పిమ్మట స్త్రీల యెముకలు పలుచబడును. ఒక్కసారి జారిపడిన తుంటి విరిగి మంచము పట్టుట గలదు. స్నానపుగదిలో గోడకు పట్టుకొను కడ్డీ పెట్టించుడు, నేల పాచి పట్టనీయకుడు, రాత్రి చిన్న దీప ముంచుడు. కంటి శుక్లములు ముదురనీయక చూపించుకొనుడు. వినికిడి తగ్గిన చెవిలో యంత్రము పెట్టుకొనుటకు సిగ్గుపడకుడు. కన్నులకు అద్దములు పెట్టుకొన్నపుడు లేని సిగ్గు చెవి కేల? వినబడనివారు క్రమముగ మాటకు దూరమగుదురు. మాటకు దూరమైనవారు మనుషులకు దూరమగుదురు.

ఇంతవరకు చెప్పినదానిని ఉత్తర్వుగ వ్రాసిన నిట్లుండును. ఫలానా యింటి యిల్లాలు నేటి నుండి ఉప్పు కొలతపై నధికారమును కోడలికి గాని, తరువాతి వారికి గాని యప్పగించుచున్నది. జాడీ వాసెన రాత్రివేళ విప్పదు. మధ్యాహ్నము రెండు గంటల కాలము తనదిగ నుంచుకొనుచున్నది. అన్ని కాగితములందు తన పేరు నొక్క తీరుగ వ్రాయించుకొనుచున్నది. తన కొఱ కెదురుచూచు మనిషి యొకరు దినమున కొక్క గంట యుండునట్లు పని కల్పించుకొనుచున్నది. దీనిపై సంతకము చేయవలసినది ఆమె యొక్కతెయే. సభ లేదు, శాలువ లేదు, గడియారము లేదు.

మా యింట నీ వేసవిలో రెండు చిన్న సీసాల యావకాయ పెట్టినారు. కోడలు ముక్కలు కోసినది, కుమారుడు ఆవాలు దంచినాడు, మేము నూనె వంచితిమి. ఉప్పు వేయు వేళకు కోడలు చేయి నిలిపి, "ఎంత వేయమంటారు అత్తయ్యా?" యన్నది. మేము చెప్పిన దానిలో సగము వేసినది. సీసా ఫ్రిజ్జులో నున్నది, బూజు పట్టలేదు.

మీ యిండ్లలో నీ యప్పగింత యెట్లు జరిగినదో, ఎచట చిక్కు వచ్చినదో మాకు వ్రాయుదురు గాక.